ఉద్యోగం చేస్తూ మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ: క్లాసులకు వెళ్ళకపోతే కుదురుతుందా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్ళు, మాది వరంగల్. ఇంటర్ రెగ్యులర్‌గా, బీకాం దూరవిద్యలో చదివాను, రెండూ తెలుగు మీడియమే. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. మా పొలం కేసు కోసం కోర్టుకు తిరిగినప్పటి నుంచి లా చదవాలని గట్టిగా ఉంది. లా కోర్సు ప్రవేశ పరీక్ష లాసెట్ రాయొచ్చా? "క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అని సీట్లు ఇప్పించే ఒకాయన అంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొద్దు మేడం, ఆయనకు అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. నేను ఇదే ఊళ్ళో ప్రాక్టీసు చేస్తున్నాను.

లాసెట్‌కు గరిష్ఠ వయసు లేదు. మీరు ఇంటర్ పాసయ్యాకే దూరవిద్యలో డిగ్రీ చేశారు కాబట్టి అది చెల్లుతుంది. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్ళకే లాయర్ల నియంత్రణ సంస్థ అయిన బార్ కౌన్సిల్ నిబంధనలు అడ్డం వస్తాయి. డిగ్రీలో జనరల్‌కు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 ఉండాలి.

పరీక్ష గురించి టెన్షన్ అక్కర్లేదు. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, తెలుగులో కూడా ఇస్తారు, నెగెటివ్ మార్కులు లేవు. అందులో 60 మార్కులు న్యాయశాస్త్ర అభిరుచికే. కాబట్టి రాజ్యాంగం మీద కూర్చోండి, ముఖ్యంగా ప్రాథమిక హక్కులు, 32, 226 అధికరణాల కింద వేసే రిట్లు, అంటే హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో వేసే పిటిషన్లు. పాత గైడ్లు కొనొద్దు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష 302లో కాదు, 103లో ఉంది.

మీరు నిజంగా ఆలోచించాల్సింది హాజరు గురించే. ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో లేదు. వారానికి 30 గంటలకు తగ్గకుండా తరగతులు నడపాలని, ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరుండాలని నిబంధన. మొత్తం మీద 70 ఉంటే, ఏదైనా సబ్జెక్టులో 65 దాకా తగ్గినా కాలేజీ పెద్దలు అనుమతించవచ్చు, అంతే. కాగితం మీద హాజరు వేయించుకుని పట్టా తెచ్చుకున్నవాళ్ళు కోర్టులో వాయిదా అడగడానికి కూడా తడబడటం చూస్తున్నాను. కక్షిదారు తన ఇంటినో భూమినో మన చేతిలో పెడతాడు కదా! ముందు మీ కంపెనీలో పని వేళలు మార్చుకునే వీలుందేమో మాట్లాడండి. లేకపోతే ఉద్యోగం మానాల్సి వస్తుందేమో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఆ తర్వాతే సీటు సంగతి.

ఇంకో జవాబు: అక్కా, నేను ఫైనలియర్. తెలుగు మీడియం అని భయపడకండి, నాదీ అదే. గైడ్‌తో మొదలుపెట్టకుండా చట్టం మూలప్రతి తెరిచి రోజుకు ఒకటి రెండు సెక్షన్లు ముక్కలు చేసి చదివాను. ఉదాహరణకు 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్‌లో ఒప్పందం చేసుకునే అర్హతకు మూడు షరతులున్నాయి: మైనర్ కాకూడదు, మతి స్థిమితం ఉండాలి, మరే చట్టమూ అనర్హుణ్ణి చేయకూడదు. దాని పక్కనే మోహరీ బీబీ కేసు, 1903, మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని రాసుకున్నాను. పరీక్షలో సమస్య ఇస్తే ముందు వివాదం ఏమిటో ఒక్క వాక్యంలో రాసి, సెక్షన్, కేసు, చివర మన నిర్ణయం రాయాలి. పేజీలు నింపితే మార్కులు రావు.

మూట్ కోర్టు (విద్యార్థులే లాయర్లుగా వాదించే నమూనా కోర్టు) పేపర్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. అందులో మూడు మూట్లే కాదు, ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ కోర్టులో కూర్చుని గమనించి రికార్డు రాయాలి. మీరు కోర్టు చూసినవారు కాబట్టి ఇది మీకు బాగా ఉపయోగపడుతుంది. అకౌంట్స్ అనుభవం కూడా ట్యాక్స్, కంపెనీ లా పేపర్లలో కలిసొస్తుంది.

మళ్ళీ ప్రశ్న: ఇద్దరికీ ధన్యవాదాలు. సీటు ఇప్పిస్తానన్న ఆయన సంగతి వదిలేశాను. పట్టా వచ్చాక ఉద్యోగంలో ఉంటూనే బార్ కౌన్సిల్‌లో లాయరుగా ఎన్‌రోల్ (నమోదు) కావచ్చా? జడ్జి పరీక్ష వెంటనే రాయొచ్చా?

జవాబు: పూర్తికాలం జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయకూడదు మేడం, ఎన్‌రోల్ అయ్యేనాటికి ఉద్యోగం వదలాలి. ఎన్‌రోల్‌మెంట్‌కు చట్టం చెప్పిన 750 రూపాయలకు మించి బార్ కౌన్సిళ్ళు తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, ఎస్సీ, ఎస్టీలకు 125. తర్వాత రెండేళ్ళలోపు ఆలిండియా బార్ పరీక్ష పాస్ కావాలి, అది తెలుగులోనూ రాయొచ్చు. జూనియర్ సివిల్ జడ్జికి మాత్రం 2025 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. ఆ మూడేళ్ళు మొదట ఎన్‌రోల్ అయిన తేదీ నుంచే లెక్క, కాబట్టి పట్టా చేతికి రాగానే దరఖాస్తు పెట్టేయండి.