‘ది సీక్రెట్ గార్డెన్’కి ఆన్‌లైన్ యాక్టివిటీలు: పిల్లలు పుస్తకానికి దగ్గరవుతారా, దూరమవుతారా?

బ్రాడీపేట_ఇంగ్లిష్

గుంటూరు, 8వ తరగతి, 42 మంది. రెండో టర్ములో ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ నవల ‘ది సీక్రెట్ గార్డెన్’ (1911) పూర్తిగా చెప్పాలి. 27 అధ్యాయాలు, వారానికి మూడు చొప్పున తొమ్మిది వారాలు. ప్రతి అధ్యాయానికీ గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఒక యాక్టివిటీ, శనివారం లీడర్‌బోర్డుతో (ఎవరు ముందున్నారో చూపే పట్టికతో) క్విజ్, ఆ మార్కులు ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో) కలపాలని స్కూలు మాట. కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: ఇండియాలో కలరాకి అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న మేరీ అనే పిల్లని యార్క్‌షైర్‌లోని మామయ్య ఇంటికి పంపుతారు. వంద గదుల ఇల్లు, పదేళ్ళుగా తాళం వేసి ఉన్న తోట, రాత్రిళ్ళు ఎవరిదో ఏడుపు. ఇంత మంచి కథని 27 వర్క్‌షీట్లుగా కోస్తే ఏం మిగులుతుందని నా సందేహం. ఈ నవల క్లాసులో చెప్పినవాళ్ళు మీ వాదన చెప్పండి.

పటమట_పాఠకుడు

లీడర్‌బోర్డు క్విజ్ వద్దు సార్. అందులో త్వరగా నొక్కినవాళ్ళకి ఎక్కువ పాయింట్లు. ప్రశ్నకి 20 సెకన్లు పెడితే ఇంగ్లిషులో ప్రశ్నా నాలుగు ఆప్షన్లూ చదవడానికే నెమ్మదిగా చదివే పిల్లకి చాలవు. నెట్ నిదానంగా ఉన్న పిల్లవాడు తెలిసి కూడా కిందే ఉంటాడు. పైగా ‘పనిమనిషి పేరేమిటి?’ లాంటి ప్రశ్నలకి సమ్మరీ చదివితే చాలు, పుస్తకం తెరవక్కర్లేదు. ఆ మార్కులు ఎఫ్‌ఏలో కలిపారంటే సమ్మరీ చదవడమే తెలివైన పనని మనమే నేర్పినట్టు.

పాఠం తెరిస్తే తప్ప జవాబు దొరకని ప్రశ్న అడగాలి. 7, 8 అధ్యాయాలే చూడండి. తాళంచెవి ముందు దొరికిందా, తలుపు ముందు దొరికిందా? ఒక్కోదానికి ఎవరి సాయం? ఒక కుక్క, నేలలో బొరియలు చేసే మోల్ అనే జంతువు కోసం తవ్విన మట్టిలో తుప్పుపట్టిన తాళంచెవి కనిపిస్తుంది. మర్నాడు గాలి విసురుకి ఐవీ తీగలు పక్కకి జరిగితే తలుపు పిడి బయటపడుతుంది. రెండుచోట్లా రాబిన్ పిట్ట ఉంది. అయితే దారి చూపింది పిట్టా, యాదృచ్ఛికమా? దీని మీద 8వ తరగతి పిల్లలు పీరియడంతా వాదించుకోగలరు. ఈ వాదనకి ఏ యాప్ కావాలి?

బెంజిసర్కిల్_మేడమ్

పటమట గారు, టైమర్ సంగతి ఒప్పుకుంటాను. కానీ టైమర్ తీసేసి, ఆరుగురికి ఒక జవాబు పెడితే అదే క్విజ్ మంచి రివిజన్ అవుతుంది. ఆన్‌లైన్ అంతా దండగంటే మాత్రం ఒప్పుకోను. 42 మంది క్లాసులో చెయ్యెత్తేది ఎప్పుడూ ఆ ఏడెనిమిది మందే. మిగతావాళ్ళ గొంతు వినాలంటే వాయిస్ రికార్డింగ్‌కి మించింది లేదు.

17వ అధ్యాయానికి ఇలా చేయండి. తనకి గూని వస్తుందన్న భయంతో మేనత్త కొడుకు కోలిన్ అరుస్తుంటే మేరీ అతని వీపు చూసి, గుండుసూదంత బొడిపె కూడా లేదని తిరిగి అరుస్తుంది. ఇద్దరిద్దరు ఆ సంభాషణ చదివి రెండు నిమిషాలకి మించకుండా రికార్డు చేసి పెట్టాలి. ముందు పుస్తకంలో ఎక్కడ గొంతు పెంచాలో పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. ఆ గీతల పేజీ ఫొటో కూడా పంపాలి. గీతలు లేని రికార్డింగ్ అంటే చూడకుండా అప్పజెప్పినట్టే. మీరు వినాల్సింది 21 ఫైళ్ళు, నలభై నిమిషాల పని.

కృష్ణలంక_పేరెంట్

మేడమ్, ఇంట్లో ఫోన్ నాన్నతోపాటు రాత్రి ఎనిమిదికి వస్తుంది. అందులో ఇద్దరు పిల్లల హోంవర్కు. 27 యాక్టివిటీలంటే తొమ్మిది వారాలు పిల్ల ఫోన్ కోసం ఎదురుచూడటమే, పుస్తకం పట్టుకునే టైమేది? ఆన్‌లైన్ పని వారానికి ఒకటి, గడువు కనీసం మూడు రోజులు ఉండాలి. ఫోన్ లేని పిల్లకి అదే పని కాగితం మీద చేస్తే అవే మార్కులివ్వాలి.

లైబ్రరీ_బీరువా

అసలు చిక్కు ఎవరూ చెప్పలేదు. పిల్లలు తెచ్చే పుస్తకాలన్నీ ఒకటి కావు. విజయవాడ ఏలూరు రోడ్డు షాపుల్లోనైనా, పుస్తక మహోత్సవం స్టాల్స్‌లోనైనా పిల్లల క్లాసిక్స్ అంటే ఎక్కువగా చేతికిచ్చేది కుదించిన ప్రతులే. వాటిలో అధ్యాయాలు కలిపేస్తారు, కొన్ని ఎగరేస్తారు. మీరు ‘13వ అధ్యాయం’ అంటే ఒక్కొక్కళ్ళు ఒక్కో చోట ఉంటారు. క్విజ్‌లో సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

రచయిత్రి 1924లో పోయారు. మన చట్టం ప్రకారం ఆ తర్వాత 60 ఏళ్ళకి కాపీరైట్ తీరిపోయింది. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం ఉచితం, ప్రింట్ తీసినా తప్పులేదు. నవల సుమారు 80 వేల పదాలు. అంతా ప్రింట్ తీయక్కర్లేదు. 7, 8, 13, 17 అధ్యాయాలు అందరికీ తీస్తే క్లాసులో ఒకే పేజీ మీద ఉంటారు.

ఆడియో లిబ్రివాక్స్ అనే ఉచిత ఆడియో పుస్తకాల సైట్‌లో ఉంది. 64 కేబీపీఎస్ ఫైలైతే గంటకి 29 ఎంబీ లోపే. స్కూల్లో దించుకుని పెన్‌డ్రైవ్‌తో వినిపించండి. పనిమనిషి మార్తా, ఆమె తమ్ముడు డికన్ల యార్క్‌షైర్ యాస కంటితో చదివితే పిల్లలు ప్రతి మాటకీ ఆగిపోతారు. పేజీ చూస్తూ వింటే సాగిపోతారు. 4వ అధ్యాయం చదివే ముందు పది నిమిషాలు వినిపిస్తే చాలు.

పటమట_పాఠకుడు

4వ అధ్యాయం అన్నారు కాబట్టి ఒకటి. మేరీ నల్లపిల్లగా ఉంటుందనుకున్నానని మార్తా అంటే, మేరీ మండిపడి ఇండియా వాళ్ళు మనుషులే కారు, సలాం చేయాల్సిన నౌకర్లని అరుస్తుంది. ఆ చోటు ఎగరేయొద్దు, ఆన్‌లైన్ బోర్డు మీదా పెట్టొద్దు. బోర్డు మీద 42 మంది ఒక్కో లైను రాసి వెళ్ళిపోతారు, ఎవరి మాటకీ ఎవరూ బదులివ్వరు. మన పిల్లలకి అక్కడ గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. ఆ మాట పుస్తకానిదా, అలా పెరిగిన మేరీదా? నిలబడి, ఎదురెదురుగా మాట్లాడుకోవాల్సిన ప్రశ్న అది.

బెంజిసర్కిల్_మేడమ్

ఈ విషయంలో మీతోనే ఉన్నాను.

ఇంకో రెండు జాగ్రత్తలు. జామ్‌బోర్డు అనే గూగుల్ ఆన్‌లైన్ వైట్‌బోర్డు వాడే పాత లెసన్ ప్లాన్లు నెట్‌లో చాలా ఉన్నాయి. గూగుల్ దాన్ని 2024 డిసెంబరు 31తో ఆపేసింది, ఆ లింకుల మీద ఆధారపడకండి. పిల్లలతో తోట మ్యాప్ గీయించడానికి గూగుల్ స్లైడ్స్ వాడితే 42 మందికీ ఒకే ఫైలు ఇవ్వొద్దు. ఒకరి బొమ్మ ఇంకొకరు చెరిపేస్తారు. ఏడు గ్రూపులకి ఏడు కాపీలు ఇవ్వండి. ఎవరు ఏం చేశారో వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది. ఆ మ్యాప్ కూడా ముందు కాగితం మీదే గీయాలి, పక్కన ఆధారమైన వాక్యం రాయాలి.

బ్రాడీపేట_ఇంగ్లిష్

మంచి మాటలు. మరి ఏఐతో రాయించుకొచ్చే జవాబులు? ‘ఎవరు ఏడుస్తున్నారు’ అని 5వ అధ్యాయంలో అడిగితే రాత్రికే నెట్‌లో జవాబు చూసేస్తారు. 13 దాకా ఆగాల్సిన గుట్టు అది.

లైబ్రరీ_బీరువా

అందుకే ఊహించే పని ఇంటికి ఇవ్వకూడదు. 5వ అధ్యాయం చదవగానే క్లాసులోనే చీటీలు, అయిదు నిమిషాలు. ఊహ ఒక వాక్యం, ఆధారమైన వాక్యం ఒకటి, పేజీ నంబరు. చీటీలు కవర్లో పెట్టి అతికించి, 13 చదివిన రోజు విప్పాలి. ఆన్‌లైన్ పని ఏదైనా సరే, ఎంటర్ కొడితే వచ్చే జవాబు కాకుండా చేత్తో చేసి ఫొటో తీసేది అయ్యుండాలి.

9వ అధ్యాయంలో మేరీ తోటలో చూసిన మొలకల గురించి చెబుతూ, ఉల్లిపాయల్లా ఉండే తెల్ల వేళ్ళు ఏమిటని మార్తాని అడుగుతుంది. అవి పూలదుంపలు. మన పిల్లలకి క్రోకస్ లాంటి పూలదుంప ఎక్కడ చూపిస్తాం? గాజు గ్లాసు మీద ఉల్లిపాయ నిలబెట్టించండి. అడుగు మాత్రం నీటికి తగలాలి. మునిగితే నాలుగు రోజుల్లో మెత్తబడి కంపుకొడుతుంది. పెద్ద గ్లాసైతే మూడు పుల్లలు గుచ్చి అంచు మీద ఆనించాలి. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చి, వారానికి రెండు ఫొటోలు గ్రూపు స్లైడ్‌లో పెట్టాలి. ప్రతి ఫొటో కిందా, ఆ వారం చదివిన అధ్యాయాల్లో తోట ఎలా మారిందో చెప్పే వాక్యం పుస్తకంలోంచి ఎత్తి రాయాలి. ఆ వాక్యం కోసం పేజీలు తిప్పక తప్పదు.

కృష్ణలంక_పేరెంట్

ఇదైతే ఫోన్ రెండు నిమిషాలు చాలు. సార్, మీ స్కూలుకి 27 బదులు ఎన్ని చెబుతారు?

బ్రాడీపేట_ఇంగ్లిష్

తొమ్మిది, వారానికొకటి. మార్కులు వీటికే, శనివారం క్విజ్‌కి సున్నా. రేపు స్టాఫ్ మీటింగులో పెడతాను. పటమట గారూ, 7–8 అధ్యాయాల ప్రశ్నలు మీకు తోచినట్టు ఇంకో నాలుగు రాసి ఇక్కడే పెట్టండి.