ఫిబ్రవరి కార్యక్రమం: రావి కొండలరావుగారు, ఎవరెవరు ఏం చేస్తారు?

మన చెన్నై తెలుగు సంఘం సాంస్కృతిక విభాగం నుంచి నేను:
అందరికీ నమస్కారం. ఈసారి సినీ రచయిత మీద చేద్దామనుకున్నాం కదా, పేరు ఖాయం చేస్తున్నాను. రావి కొండలరావుగారు. 1932 ఫిబ్రవరి 11న సామర్లకోటలో పుట్టారు, ఆ తేదీకి దగ్గరి ఆదివారం సాయంత్రం పెట్టుకుందాం. మార్చిలో ప్లస్ టూ పరీక్షలు, అంతకన్నా ఆలస్యమైతే పిల్లలు దొరకరు.

"ఆయన నటుడు కదండీ" అని నిన్నటి నుంచి ముగ్గురు ఫోన్ చేశారు. ఈ కార్యక్రమం అందుకే! హీరోయిన్ తండ్రిగా ఆ ముఖం అందరికీ గుర్తు. భార్య రాధాకుమారిగారూ నటే, ఇద్దరూ కలిసి 100కు పైగా సినిమాల్లో కనిపించారు. దాంతో రాసినవాటి మాటే మరుగున పడిపోయింది.

1955 నాటి 'మిస్సమ్మ'లో పెళ్లి కానివాళ్లు ఉద్యోగం కోసం మొగుడూపెళ్లాల్లా నటిస్తారు. దాన్ని తిరగేస్తే? పెళ్లయిన ఇద్దరు ఉద్యోగం కోసం కానట్టు నటిస్తారు. అదే 1991లో బాపుగారు తీసిన 'పెళ్లిపుస్తకం'. కథ కొండలరావుగారిది, మాటలు ముళ్లపూడి వెంకటరమణగారివి. ఆ కథకు నంది అవార్డు కూడా వచ్చింది. మాటల గురించి అందరం చెప్పుకుంటాం, కథ ఎవరిదంటే తల గోక్కుంటాం. 1994లో 'భైరవద్వీపం' రచనలోనూ ఆయన చెయ్యి ఉంది.

హాలు వడపళనిలోనే కావాలని నేను పట్టుబట్టింది ఊరికే కాదు. విజయా వాహినీ సినిమా స్టూడియో ఉండేది అక్కడే. ఆ సంస్థవాళ్ల 'విజయచిత్ర' పత్రికను ఏళ్ల తరబడి నడిపింది ఈయనే. మన పిల్లలకు ఆ చోట ఇప్పుడున్న మాల్ మాత్రమే తెలుసు.

ఉపన్యాసాలు రెండే, తలా పది నిమిషాలు. ఆ తర్వాత ఆయన నాటికల్లో 'కుక్కపిల్ల దొరికింది' పిల్లలు, పెద్దలు కలిసి చదవడం. ముందు వాళ్ల కుటుంబం అనుమతి తీసుకోవాలి, ఆ పని నాది. రాకపోతే మనమే ఒక చిన్న స్కిట్ రాసుకుందాం. సినిమా క్లిప్పులు వద్దు, హక్కుల టెన్షన్ మనకెందుకు.

కోశాధికారి:
భోజనం లెక్క ముందే చెప్పండమ్మా. పోయినసారి 120 మందికి చెప్తే 180 మంది వచ్చారు, పులిహోర అడుగంటింది, నేను ఇంటికెళ్లి పెరుగన్నం తిన్నాను. ఈసారి పేర్లు ఇచ్చినవాళ్లకే టోకెన్.

పిల్లల బాధ్యురాలు:
అక్కా, నాటిక బాగుంది గానీ సగం మందికి తెలుగు చదవడం రాదు. బళ్లో తమిళం తప్పనిసరి, తెలుగు ఇంట్లో మాటలకే. ఉగాదికి డైలాగులు తమిళ అక్షరాల్లో రాసిచ్చాం, గుర్తుందిగా? ఆ లిపిలో ప, బ ఒకటే. "బావ వచ్చాడు" కాస్తా "పావ వచ్చాడు" అయింది. హాలంతా నవ్వు, పాపం వాడు ఏడ్చేశాడు.

నేను:
గుర్తులేకపోవడమేంటి, వాణ్ని ఓదార్చింది నేనే. ఈసారి కాగితం ఇవ్వొద్దమ్మా. అనుమతి వచ్చాక మీరు చదివి వాయిస్ మెసేజ్‌లు పంపండి, వాళ్లు విని నేర్చుకుంటారు. స్టేజి మీద చేతిలో కాగితం లేకపోతే ముఖాలు కూడా పైకెత్తుతారు.

పెద్దలు, మాజీ అధ్యక్షులు:
ముఖ్య అతిథికి, వక్తలకు, దాతలకు శాలువాలు కనీసం ఎనిమిది ఉండాలి.

నేను:
బాబాయ్‌గారూ, మీ మాట కాదనలేను గానీ ఎనిమిది శాలువాలకు నలభై నిమిషాలు పడుతుంది. నాటికే అరగంట. రెండుతో సరిపెడదాం, మీ చేతులతోనే కప్పండి.

మాజీ అధ్యక్షులు:
మూడు.

నేను:
సరే, మూడు.

ఇంకా ఖాళీగా ఉన్న పనులు: మైకు, గుమ్మం దగ్గర టోకెన్లు, 'విజయచిత్ర' పాత సంచికలు. పాతవి ఎవరి అటకమీదైనా ఉంటే తెచ్చి బల్లమీద పెడదాం, ఎవరినీ ఇంటికి పట్టుకెళ్లనివ్వం. మెట్రోలో రాగలిగినవాళ్లు అలాగే రండి, ఆదివారం సాయంత్రం ఆర్కాట్ రోడ్డు సంగతి తెలిసిందే. గురువారం రాత్రిలోపు పేర్లు ఇక్కడే రాయండి.

కోశాధికారి:
టోకెన్లు నేను చూసుకుంటా. పులిహోర పక్కనే కూర్చుంటా.