డీప్ బేస్ ఉన్న వెస్టర్న్ క్లాసికల్ రికార్డింగ్స్ చెప్పండి

కొత్తగా సబ్‌వూఫర్ పెట్టానండి, సినిమాలకి అదిరిపోతోంది గానీ సింఫనీ పెడితే అసలు ఆన్‌లో ఉందా లేదా అని వెళ్లి చూసుకోవాల్సొస్తోంది. క్లాసికల్‌లో 30 హెర్ట్జ్ కిందకి దిగేవి ఉంటాయా, లేక రికార్డింగ్‌లోనే కోసేస్తారా? ఢమఢమలు వద్దు, నేల కదిలినట్టుండాలి.

—

కోసేయడం కాదు బ్రో, మామూలు ఆర్కెస్ట్రాలో అంత కింద వాయించేవాళ్లు దాదాపు లేరు. నాలుగు తీగల డబుల్ బేస్ 41 హెర్ట్జ్ దగ్గర ఆగిపోద్ది. నీకు కావాల్సింది పైప్ ఆర్గాన్ (చర్చిల్లో ఉండే, గాలి పైపులతో మోగే పెద్ద వాయిద్యం), 32 అడుగుల పైపు అయితే 16 హెర్ట్జ్ దాకా దిగుద్ది. సాంసాన్స్ మూడో సింఫనీ పెట్టు, కండక్టర్ మ్యూంక్ బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో 1959లో చేసింది. అందరూ చివర్లో ఆర్గాన్ గట్టిగా పడే చోటు చెప్తారు గానీ అసలు పరీక్ష మొదటి భాగంలో స్లోగా వచ్చే చోట, వయొలిన్లు మెల్లగా పాడుతుంటే కింద పెడల్ నోటు (ఆర్గాన్ మీద కాళ్లతో వాయించేది) చెవికి కాదు, కుర్చీకి తెలుస్తుంది.

—

టెలార్క్ రికార్డు కంపెనీ వాళ్ల చైకోవ్‌స్కీ 1812 ఓవర్చర్, కండక్టర్ కున్జెల్, సిన్సినాటి ఆర్కెస్ట్రా! నిజం ఫిరంగులు. వాల్యూమ్ తగ్గించి మొదలెట్టండి, ఎల్పీ కవర్ మీదే వార్నింగ్ వేశారు, నీడిల్ గాల్లోకి ఎగిరేదట.

—

ఫిరంగులు సర్కస్ అండి, ఒకసారి విని పక్కింటివాళ్లని భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరావు. బాస్ డ్రమ్ కావాలంటే అదే టెలార్క్‌లో కండక్టర్ ఫెనెల్ చేసిన హోల్స్ట్ సూట్స్ (1978) వినండి, దెబ్బ పడ్డాక ఆ చర్మం ఊగడం కూడా వినపడుద్ది. ఇంకోటి, రికార్డింగులు కొనేముందు కుర్చీ జరిపి చూడండి, సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే కొన్ని లో నోట్స్ అక్కడ మాయమైపోతాయి, అది రికార్డింగ్ తప్పు కాదు.

—

కుర్చీ వెనక్కి జరిపితే నిజంగానే తేడా ఉందండి 😀 బాఖ్‌లో ఏమైనా?

—

సి మైనర్ పాసకాల్యా అనే ఆర్గాన్ రచన, బీడబ్ల్యూవీ 582 (బాఖ్ రచనల జాబితాలో దాని నంబరు). మొదలే ఒక్క పెడల్‌తో, పైన ఇంకేం ఉండదు కాబట్టి సబ్ ఏం చేస్తోందో దొరికిపోద్ది. కానీ ఏ ఆర్గాన్ మీద వాయించారో చూసుకోండి, బుక్‌లెట్‌లో స్టాప్స్ (పైపుల వరసల) లిస్టు ఇస్తుంటారు, పెడల్ కింద 32 అని లేకపోతే 16 అడుగుల పైపే దిక్కు, అంటే 33 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది.