పార్కు క్యూలో పసిపిల్లలు: ఫోన్ ఇవ్వాలా, మనమే ఆడించాలా?

మూసీ ఒడ్డు (చర్చ ప్రారంభించినవారు):

గత ఆదివారం మా నాలుగేళ్ల అబ్బాయిని, ఏడేళ్ల మా అక్క కూతురిని వెంటబెట్టుకొని నగర శివార్లలోని ఒక వినోద పార్కుకు వెళ్లాము. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకూడదన్నది మా ఇంటి నియమం. క్యూలో కూడా దానిని సడలించకూడదని నేను పట్టుబట్టాను. మొదటి 20 నిమిషాలు ఒక కోతి కథతోనూ, నాలుగైదు పాటలతోనూ ఎలాగో గడిచాయి. ఆ తరువాత, రేకుల కప్పు కింద ఉక్కపోతలో, తన ఎత్తుకు ముందున్నవారి నడుములు తప్ప మరేమీ కనిపించని చోట, మావాడు ఇనుప కడ్డీ కింద నుంచి దూరి పక్క వరుసలోకి పోవడం, నేను వాడిని వెనక్కి లాక్కురావడం మొదలైంది. మూడోసారి లాగేసరికి నేల మీద చతికిలబడి, వరుస ముందుకు కదిలినా లేవకుండా ఏడ్చాడు. వెనుక నిలబడిన ఒక పెద్దమనిషి తన ఫోన్‌లో బొమ్మల పాట ఒకటి పెట్టి వాడికి అందించారు. ఏడుపు ఆగిపోయింది. అప్పుడు నా భార్య నా వంక చూసిన చూపును మాత్రం ఇక్కడ వర్ణించలేను.

ఫోన్ ఇవ్వకపోవడం నా మొండితనమా? గంటసేపు నిలబడవలసిన చోట అయిదేళ్ల లోపు పిల్లలను ఫోన్ లేకుండా నిలపడం నిజంగా సాధ్యమా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కజ్జికాయ:

సాధ్యమే. అయితే ఇరవై నిమిషాల పాటు మీరు కథ చెప్పారు, పాటలు పాడారు, పిల్లవాడు విన్నాడు. వినడం ఒక్కటే పనిగా ఉంటే నాలుగేళ్లవాడు అంతకంటే ఎక్కువసేపు నిలబడడు. వాడికి కూడా ఏదో ఒక పని ఉండాలి.

మా ఇంట్లో ‘చెట్టుకు కాయని కాయలు’ అని ఒక ఆట ఆడుకుంటాము. నా మారుపేరు అందులో నుంచి వచ్చిందే. చెట్టుకు కాయని కాయ పేరు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పాలి, చెప్పినది మళ్లీ చెప్పకూడదు. కజ్జికాయ, టపాకాయ, తలకాయ, గుండెకాయ వరకు సులభంగా వస్తాయి. కిందటి సంక్రాంతి సెలవులలో ఇలాంటి క్యూలోనే మా అమ్మాయి కాసేపు ఆలోచించి ‘లెంపకాయ’ అన్నది. ముందు నిలబడిన కుటుంబంలోని బామ్మగారు వెనక్కి తిరిగి ‘మొట్టికాయ’ అని అందించారు. వారి మనవడు ‘జెల్లకాయ’ అంటూ వచ్చి చేరాడు. అక్కడి నుంచి రెండు కుటుంబాలూ రైడ్ దాకా ఒకే జట్టుగా నడిచాయి. ఇంకా చిన్నవాళ్లయితే అరచేతిలో పప్పు వండి, అందరికీ తలా ఒక ముద్ద పెట్టి, చేయి వెంట పాకుతూ వెళ్లి చక్కిలిగింత పెట్టే ఆట ఉండనే ఉన్నది. దానికి బ్యాటరీ అక్కరలేదు.

ఇక ఫోన్ సంగతి. ఒకే క్యూలో పదిమంది పిల్లల చేతుల్లో పది ఫోన్లు పది రకాల పాటలు వినిపిస్తూ ఉంటే, ఆ చప్పుడును మిగిలినవారు ఎందుకు భరించాలో కూడా ఎవరైనా చెప్పాలి.

టెక్సాస్ ఎండ:

కజ్జికాయ గారి ఆట బాగున్నది. కానీ ఆ ఆట ఆడడానికి ఓపిక మిగిలిన తల్లిదండ్రులు కావాలి. మేము డాలస్‌లో ఉంటాము. రెండేళ్ల క్రితం మూడేళ్ల పాపను, ఆరేళ్ల బాబును, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారిని తీసుకొని ఒర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కు వెళ్లాము. పొద్దున్న 8 గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నం 3 అయ్యేసరికి నా నోటి వెంట పొడుపు కథ కాదు కదా, పిల్లల పేర్లు కూడా సరిగా రాలేదు. ఆ స్థితిలో పాపకు అరగంట ఫోన్ ఇచ్చాను. అందుకు నేను సిగ్గుపడడం లేదు.

ఒక విషయం గమనించండి. పిల్లలను క్యూలో ఆడించడం తల్లిదండ్రుల పని మాత్రమే అన్నట్లు మనం మాట్లాడుకుంటున్నాము. అక్కడ కొన్ని రైడ్లకు ఆ పనిని పార్కువారే నెత్తిన వేసుకున్నారు. ఏడుగురు మరగుజ్జుల గని రైలు దగ్గర వరుసను గనిలాగే కట్టి, మధ్యలో రత్నాలను జతపరిచే ఆటను, తిప్పితే పైకప్పు మీద మరగుజ్జుల బొమ్మలు కనిపించే పీపాలను పెట్టారు. ఎగిరే ఏనుగు డంబో రైడ్‌ను 2012లో కొత్త చోటికి మార్చినప్పుడు ఏకంగా ఒక సర్కస్ డేరాను ఆటస్థలంగా కట్టి, చేతికి ఒక పేజర్ ఇచ్చి, పిల్లలు జారుడుబల్లలు ఎక్కి ఆడుకుంటూ ఉంటే వంతు వచ్చినప్పుడు అది మోగేలా ఏర్పాటు చేశారు. అదే సంస్థ 2018లో క్యూలో నిలబడినవారు ఆడుకోవడానికని ఒక ఫోన్ యాప్‌ను కూడా విడుదల చేసింది. పార్కు కట్టినవారికే ఫోన్ తప్పుగా తోచనప్పుడు, ఒక తండ్రిని దోషిగా నిలబెట్టడం నాకు సబబుగా కనిపించడం లేదు.

తాతయ్య గొడుగు:

యాప్ అమ్మేవారికి యాప్ తప్పుగా తోచదు, నాయనా. అది సాక్ష్యం కాదు.

నేను మనవళ్లతో తిరుమల వెళ్లి వచ్చినవాడిని. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లోకి వెళ్లే ముందే ఫోన్లు అప్పగించేస్తాము. ఆ తరువాత కంపార్ట్‌మెంట్‌లో రద్దీని బట్టి గంటలు గడుస్తాయి. వందల మంది ఉండే ఆ గదిలో ఒక్క ఫోన్ కూడా ఉండదు. పిల్లలు మాత్రం ఎందరో ఉంటారు. వాళ్లు ఏం చేస్తున్నారు? దేవస్థానంవారు ఇచ్చే పాలు తాగుతారు, కమ్మీలు పట్టుకొని ఊగుతారు, ముక్కూమొహం తెలియని పిల్లలతో స్నేహం చేస్తారు, అమ్మ ఒడిలో నిద్రపోతారు. ఏడవరని నేను అనను. ఏడ్చినా ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఫోన్ లేదని తెలిసిన చోట పిల్లవాడు ఫోన్ అడగడు. పార్కులో అడుగుతున్నాడంటే, అది మీ చేతిలో కనిపిస్తున్నది గనుకనే.

మూసీ ఒడ్డు:

తాతయ్య గారూ, మీరు చెప్పిన పోలిక నన్ను ఆలోచింపజేసింది. కానీ ఒక తేడా ఉన్నది. కంపార్ట్‌మెంట్‌లో కూర్చుంటాము. పిల్లవాడు నాలుగు అడుగులు అటూ ఇటూ పరుగెత్తినా వరుస చెడదు, మన వంతు పోదు. పార్కు క్యూ అలా ఉండదు. రెండు నిమిషాలు నిలబడి మూడు అడుగులు వేయాలి, మళ్లీ నిలబడాలి. కూర్చోనివ్వదు, పరుగెత్తనివ్వదు. నాలుగేళ్లవాడికి ఆ రెంటికంటే కష్టమైనది ఇంకొకటి లేదు. పైగా అక్కడ టిక్కెట్టు కూడా ఫోన్‌లోనే ఉంటుంది కనుక దానిని చేతిలో నుంచి దాచడం కుదరదు.

తాతయ్య గొడుగు:

కూర్చోవడానికీ నిలబడడానికీ మధ్య తేడాను ఒప్పుకుంటాను. టిక్కెట్టు చూపించాక ఫోన్ జేబులో పెట్టుకోవచ్చును కదా అన్నది మాత్రం అలాగే ఉన్నది. నాకు కనిపించినంత వరకు, పిల్లవాడికి ఫోన్ వద్దని చెప్పే తండ్రి తన ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూస్తూనే చెబుతాడు.

నైట్ డ్యూటీ:

పిల్లల వార్డులో నర్సుగా పని చేస్తున్నాను కనుక రెండు మాటలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది నిండని పిల్లలకు తెర అసలు చూపించకూడదు, ఏడాది పిల్లలకు కూడా సిఫారసు చేయలేదు, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు ఒక గంట మించకూడదు, అంతకంటే తగ్గితే మరీ మంచిది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ల లోపు వద్దనీ, అయిదేళ్ల వరకు గంట మించవద్దనీ చెబుతున్నది. అంటే నాలుగేళ్లవాడు ఏడాదికి రెండు సార్లు వెళ్లే పార్కులో పావుగంట పాట చూసినంత మాత్రాన ఆరోగ్యానికి ముప్పు ఏమీ లేదు. ఇంట్లో ప్రతి పూటా అన్నం తినిపించడానికి ఫోన్ పెట్టేవారి సంగతి వేరు. దాని గురించి ఇక్కడ ఎవరూ అడగలేదు కనుక వదిలేస్తున్నాను.

నన్ను అడిగితే, ఆ ఏడుపుకు విసుగు ఒక్కటే కారణమని వెంటనే అనుకోకూడదు. రేకుల కింద మధ్యాహ్నపు వేళ నిలబడిన పిల్లవాడు దాహంతో ఏడవవచ్చు, మూత్రం వస్తున్నదని చెప్పలేక ఏడవవచ్చు, నిద్ర వేళ దాటిపోయి ఏడవవచ్చు. ఫోన్ ఇస్తే నోరు మూతపడుతుంది, దాహం అలాగే ఉంటుంది. వేసవిలో అది ప్రమాదం. కనుక వరుసలో చేరే ముందే బాత్రూమ్‌కు తీసుకువెళ్లండి, ప్రతి రెండు మలుపులకు ఒకసారి అడగకుండానే నాలుగు గుక్కల నీళ్లు తాగించండి. కాలక్షేపానికని వేయించిన వేరుశనగ గింజలు మాత్రం అయిదేళ్ల లోపు పిల్లలకు పెట్టవద్దు. నడుస్తూ, నవ్వుతూ తింటే శ్వాసనాళంలోకి పోతాయి. అలా వచ్చిన పిల్లలను మా వార్డులో చూశాను. మరమరాలు కూడా ఒక చోట నిలబడి, మీ చేతితో కొద్దికొద్దిగానే పెట్టండి.

కజ్జికాయ:

నైట్ డ్యూటీ గారూ, పావుగంట పాటతో నష్టం లేదన్నారు. ఆ పావుగంట తరువాత ఏం జరుగుతుందో కూడా చెప్పాలి కదా. సరిగ్గా పాట మధ్యలో ఉండగా మన వంతు వస్తుంది. రైడ్‌లోకి ఫోన్ పట్టుకుపోనివ్వరు. చేతిలో నుంచి లాక్కుంటే అంతకుముందు ఏడ్చినదానికంటే గట్టిగా ఏడుస్తూ ఎక్కుతాడు. గంటసేపు ఏ రైడ్ కోసం నిలబడ్డామో ఆ రైడ్‌నే వాడు చూడడు.

టెక్సాస్ ఎండ:

అది నిజమే. మా పాప కూడా అలాగే చేసింది. అందుకే ఫోన్‌ను వరుస మధ్యలో ఇచ్చి, చివరి రెండు మలుపులు ఉండగానే తీసేసుకోవాలి. అక్కడి నుంచి రైడ్ కనబడుతూ ఉంటుంది, చప్పుడు వినబడుతూ ఉంటుంది; పిల్లల దృష్టి దానికదే అటు పోతుంది.

మలుపుల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. వరుసలలో నిరీక్షించేవారి మనస్తత్వం గురించి 1985లో రాసిన డేవిడ్ మైస్టర్ అనే ఆయన రెండు సంగతులు చెప్పారు. ఏమీ తోచని నిరీక్షణ ఏదో ఒక పని ఉన్న నిరీక్షణ కంటే దీర్ఘంగా అనిపిస్తుంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసినదానికంటే దీర్ఘంగా అనిపిస్తుంది. పెద్దవాళ్లకైతే బోర్డు మీద ‘45 నిమిషాలు’ అని రాసి పెడితే సరిపోతుంది. మూడేళ్ల పిల్లకు 45 అయినా 450 అయినా ఒకటే. కనుక మేము నిమిషాలు చెప్పము, మలుపులు చెబుతాము. ‘ఇంకా ఆరు మలుపులు’ అని వేళ్లు చూపించి, ఒక్కొక్క మలుపు తిరగగానే ఒక వేలు ముడవమంటాము. వేళ్లు ముడిచే పని కోసమే మా పాప ముందుకు నడుస్తుంది.

ఇంకొకటి. ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఎత్తు సరిపోకపోతే, డిస్నీలో భార్యాభర్తలు వంతుల వారీగా ఎక్కవచ్చు. ఒకరు పెద్దవాడితో క్యూలో వెళ్లి రైడ్ ఎక్కి వచ్చేదాకా రెండోవారు చిన్నదాన్ని బయట ఆడిస్తారు. తరువాత రెండోవారు మళ్లీ ఆ పెద్ద వరుసలో నిలబడనక్కరలేదు. గని రైలుకు కనీస ఎత్తు 38 అంగుళాలు. మా పాపకు రెండు అంగుళాలు తక్కువైంది. ఈ పద్ధతి వల్ల పాప ఆ క్యూలోకే రాలేదు, మాకు ఫోన్ అవసరమూ పడలేదు.

మూసీ ఒడ్డు:

ఎత్తు గురించి మీరు రాసినది చదివి నా తప్పు నాకు తెలిసింది. చివరి మలుపు దగ్గర గోడ మీద గీసిన గీత పక్కన మావాడిని నిలబెట్టి, చాలదని ఆపేశారు. ఏడ్చి, ఊరుకొని, 50 నిమిషాలు నిలబడ్డాక! ఈ సంగతి మొదటి పోస్టులో రాయడానికి మనసు రాలేదు. గేటు దగ్గరే కొలిచి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

మరి డబ్బు కట్టి వేగంగా వెళ్లే టిక్కెట్టు గురించి మీ అభిప్రాయం ఏమిటి? హైదరాబాద్ వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ అని ఒకటి ఉన్నది. క్యూయే లేకపోతే ఆడించే సమస్య కూడా ఉండదు కదా.

తాతయ్య గొడుగు:

డబ్బున్నవాడి పిల్లవాడు ముందు, లేనివాడి పిల్లవాడు వెనుక. ఎండ ఇద్దరికీ ఒకటే. నాకు నచ్చదు.

టెక్సాస్ ఎండ:

తాతయ్య గారూ, తిరుమలలోనే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉన్నది కదా! డిస్నీలో 1999లో ఉచితంగా మొదలైన ఫాస్ట్‌పాస్ పోయి, 2021 నుంచి డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. నాకూ నచ్చలేదు, అయినా కట్టాను.

తాతయ్య గొడుగు:

ఉన్నది. ఏడాది నిండని చంటిబిడ్డల తల్లిదండ్రులను సుపథం దారిలో పంపే సదుపాయం కూడా అక్కడే ఉన్నది. పార్కులవారు నేర్చుకోదలిస్తే మొదటిది కాదు, ఈ రెండోది నేర్చుకోవాలి. పసిపిల్లలతో వచ్చినవారికి నీడలో నాలుగు బల్లలు వేసి, టోకెన్ ఇచ్చి, వంతు వచ్చినప్పుడు పిలిస్తే వారికి పోయేదేమిటి? మనం మాత్రం ఇక్కడ కూర్చుని ఫోన్ ఇచ్చిన తండ్రినీ ఇవ్వని తండ్రినీ తూకం వేస్తున్నాము.

మూసీ ఒడ్డు:

నా నియమం విషయంలో నేను కొంత దిగివచ్చాను. క్యూలోకి ఫోన్ రాదు అని కాకుండా, సగం మలుపులు తిరిగే వరకు రాదు అని మార్చుకున్నాము. నా ఫోన్‌కు కూడా అదే వర్తిస్తుందని నా భార్య చేర్చింది. వచ్చే నెలలో ఆదివారం కాకుండా మంగళవారం వెళ్లాలనుకుంటున్నాము. ఈలోగా తలుపు చట్రం మీద గీత గీసి మావాడి ఎత్తు కొలిచాము. వాడు రోజూ పొద్దున్నే వెళ్లి అక్కడ నిలబడి చూసుకుంటున్నాడు.

కజ్జికాయ గారి ఆటను నిన్న సాయంత్రం డాక్టరు దగ్గర టోకెన్ కోసం కూర్చున్నప్పుడు ఆడి చూశాము. మావాడు టపాకాయ, తలకాయ చెప్పాక ‘ఆవకాయ’ అన్నాడు. మామిడికాయ చెట్టుకే కాస్తుంది కనుక అది చెల్లదని మా మేనకోడలు. కాసేది మామిడికాయే కానీ ఆవకాయ జాడీలో ఉంటుందని వాడు. మా వంతు వచ్చి లోపలికి పిలిచే వరకు తేలలేదు, ఇంటికి వచ్చాక కూడా తేలలేదు. చెల్లుతుందో లేదో కజ్జికాయ గారే చెప్పాలి.

కజ్జికాయ:

చెల్లుతుంది. మా ఇంట్లో మాగాయకు కూడా మార్కులు ఇచ్చాము.