తిక్క కుటుంబాల నవలలు: మనల్ని పట్టి కూసోబెట్టేది తిక్కనా, ఇరుకా?

పానగల్లు (నల్లగొండ):
ఇంట్ల ఒక్కొక్కరికి ఒక్కో తిక్క, ఎవరికీ ఎవరితోని పడదు, అయినా ఒక్క కప్పు కిందనే ఉంటరు. ఇసొంటి నవలలు ఎందుకంత ఇష్టంగ చదువుతం? తిక్కను చూసి కాదంట నేను, బయటికి తొవ్వ లేదు కాబట్టి చదువుతం. దోస్తు సతాయిస్తే మాట్లాడుడు బంద్ చేస్తం. పెద్దనాయిన సతాయిస్తే? బిడ్డ పెండ్లిపత్రికల ఆయన పేరు వెయ్యాలె, ఆస్తి పాలు పంచుకునేనాడు ఆయన సంతకం కావాలె. వివేక్ శానభాగ్ కన్నడ నవల 'ఘాచర్ ఘోచర్' (2013) చూడండ్రి. మసాలా వ్యాపారం నడిపే చిన్నాయిన మీద ఇల్లంత బతుకుతది, అందుకే ఆయన జోలికి ఎవరూ పోరు. ఆ మౌనమే కథను నడిపిస్తది. చిన్నాయినకు వింత అలవాట్లు ఎన్ని పెట్టినా అంత బలం రాదు.

డిండి వాగు (దేవరకొండ):
ఇరుకు అందరికీ ఒక్కతీరుగ ఉండదు అన్నా. మామ నడిరాత్రి రేడియో ఇప్పి ముందటేసుకుంటే చదివేటోళ్లకు నవ్వొస్తది. ఆ ఏళకు లేచి చాయ్ పెట్టేది కోడలు. ఒక పని చెయ్యండ్రి: పుస్తకంల తిక్క కనబడ్డ ప్రతిచోట, దాని ఖర్చు ఎవరి మీద పడ్డదో పెన్సిల్‌తోని పక్కన రాసుకోండ్రి. ఎన్ని పేజీలు తిప్పినా ఒక్క ఆడమనిషి పేరే వస్తుంటే, ఆమెకు సొంతంగ ఒక్క పట్టింపు గూడ లేకుంటే, ఆ రచయిత ఆమెను ఇంటి సామాను లెక్క వాడుకున్నడు. ఇంకోటి, తాగుడును, అనుమానం జబ్బును తిక్క కింద జమకట్టి నవ్వించే పుస్తకాలు మస్తుగున్నయి. జబ్బు మనిషికి దవాఖాన దారి ఎందుకు దొరకలేదో చెప్పకుంటే అది హాస్యం కాదు, ఎగవేత.

సాయబాను (నల్లగొండ):
ఇద్దరు చెప్పింది నిజమే గాని, ఎక్కువ నవలలు చెడేది కట్టుబడి దగ్గర. మొదటి ముప్పై పేజీలల్ల నలుగురి కన్నా ఎక్కువ మందిని దించితే చదివేటాయన ఎనకకు తిప్పుకుంట పోతడు. తెలుగుల ఇంకో చిక్కుంది. కథ చెప్పే మనిషి మారితే వరుస మారిపోతది. పిల్లగానికి మేనత్త, వాళ్లమ్మకు ఆడిబిడ్డ, అవ్వకు బిడ్డ, ముగ్గురూ ఒక్కామెనే. అధ్యాయానికొకరితోని చెప్పిస్తే వరుసతో పాటు పేరు గూడ తగిలించాలె, లేకుంటే ఆరుగురి ఇల్లు పన్నెండు మంది లెక్క కనబడ్తది.

ఇగ ఇంటోళ్ల నడుమ పగ. దానికి కారణం ఊహించనక్కర లేదు, కథ ఏ ఏండ్ల నడుస్తదో ముందు ఖాయం చేసుకుంటే చాలు. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిల హక్కిచ్చింది, కాని అప్పటికే పెండ్లయినోళ్లకు ఇయ్యలేదు. ఆ తేడా 2005 కేంద్ర సవరణతోని పోయింది. కథ 1995ల నడుస్తుందనుకోండ్రి, ఆస్తి ఇంకా పంచలేదు. 1983ల పెండ్లయిన అక్కకు వాటా లేదు, 1987ల పెండ్లయిన చెల్లెకు ఉంది. పండుగకు ఇద్దరూ ఒక్క ఇంటికే వస్తరు. అక్క ప్రతిసారి గిన్నెలు లెక్కపెట్టుకుంట తిరుగుతదని రాస్తే, అది తిక్కనా?

కోయిల్‌కొండ (మహబూబ్‌నగర్):
ఒక్క కప్పు, పాళ్లు, పంపకాలు... ఇవన్నీ భూమున్నోళ్ల ముచ్చట్లు. పాలమూరు లేబర్ ఇంట్ల జవానోళ్లు ముంబయికో పూనాకో పోతరు, అవ్వ, చిన్నపిల్లలు మిగుల్తరు. ఒక్క కప్పు కింద ఉండుడే లేదు. వాళ్లను కట్టేసేది మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు. అసొంటి కుటుంబానికి తిక్కలుండయా? ఉంటయి, రాసేటోళ్లే తక్కువ. మా యాసను గూడ నవ్వించే పాత్ర నోట్లనే పెడుతరు, కథ చెప్పేటోడు మాత్రం పుస్తకాల భాషల మాట్లాడుతడు. బిజినేపల్లిల పుట్టిన యశోదారెడ్డి మా యాసలనే చెప్పిన కథలు 'మా ఊరి ముచ్చట్లు' (1973) వచ్చి ఇన్నేండ్లయినా గదే తంతు.

పానగల్లు:
ఒప్పుకుంట, ఇల్లు అన్నది చిన్నమాటైంది. కాని చెదిరినోళ్లను ఒక్కతాన చేర్చే గడువు దొరికితే నవల నిలబడ్తది. జొనాథన్ ఫ్రాంజెన్ 'కరెక్షన్స్' (2001) ల జరిగేది అదే. పిల్లలు తలో దిక్కు, తండ్రికి పార్కిన్‌సన్స్, తల్లికేమో ఆఖరుసారి అందరూ క్రిస్మస్‌కు ఇంటికి రావాలని పట్టుదల. మన దిక్కు కురుమూర్తి జాతర అట్ల పనికొస్తది. దీపావళి దాటినంక వలస పోయినోళ్లు వస్తరు, నాలుగు రోజులుంటరు, అడ్వాన్సు లెక్క తేలక ముందే బస్సెక్కాలె. ఆ నాలుగు రోజులల్లనే అన్నీ బయటపడాలె.

డిండి వాగు:
జాతర పెట్టుండ్రి, అభ్యంతరం లేదు. ఆఖరుకు అందరూ ఒక్క బంతిల కూసోని తిని కండ్లు తుడుచుకునే అధ్యాయం మాత్రం కొట్టెయ్యుండ్రి. రెండొందల పేజీలు సంపాదించింది అక్కడ పోతది. అవ్వ ఎవరి తాన ఉంటది, ఆమె మందులకు నెలనెల పైసలెవరు పంపుతరు, అది రాయండ్రి.

సాయబాను:
అవ్వ ఒక్కదాన్నే ఉంట అంటే, అక్కా?

డిండి వాగు:
అంటది. దాన్ని మొండితనమని రాయొద్దు. ఏ కొడుకు ఇంట్ల తన గ్లాసు విడిగ పెడుతరో ఆమెకు ఎరుకే.