మెమరీ చిప్ షేర్లు: పీఈ తక్కువుంటే కొనేయొచ్చా?

మాదాపూర్_మదుపరి
మెమరీ ధరలు పైకి పోతున్నప్పుడు మైక్రాన్, ఎస్‌కే హైనిక్స్, శాన్‌డిస్క్‌లలో ఏది తక్కువ పీఈకి (షేరు ధర, ఒక్కో షేరుకొచ్చే లాభానికి ఎన్ని రెట్లో ఆ లెక్క) దొరికితే అది కొనాలన్నది నా వాదన. లాభాలు పెరుగుతుంటే ఇంకేం చూడాలి?

సైనిక్‌పురి_సైకిల్
సబ్బులూ బిస్కెట్లూ అమ్మే కంపెనీలకైతే ఆ లెక్క సరేనండీ, మెమరీలో తిరగబడుతుంది: లాభాలు శిఖరాన ఉన్నప్పుడే పీఈ తక్కువగా కనిపిస్తుంది. 2018 ఆర్థిక సంవత్సరంలో మైక్రాన్ ఈపీఎస్ (ఒక్కో షేరుకు లాభం) 11.51 డాలర్లు. ఆ మే నెలలో షేరు 60 డాలర్లు దాటింది, అంటే పీఈ 6 కూడా లేదు. డిసెంబరుకల్లా ధర సగమైంది. అదే 2023లో దాదాపు 580 కోట్ల డాలర్ల నష్టం, పీఈ అన్న మాటే లేదు. షేరు మాత్రం ఆ ఏడాది బాగా లేచింది.

ధర బాగుందని అందరూ ఒకేసారి ఫ్యాబ్‌లకు (చిప్ ఫ్యాక్టరీలకు) డబ్బు పెడతారు, రెండు మూడేళ్లకు సరుకంతా ఒక్కసారే మార్కెట్లో పడుతుంది. అందుకే క్వార్టర్ ఫలితాల్లో ఇన్వెంటరీని ఆ క్వార్టర్ అమ్మిన సరుకు ఖర్చుతో భాగించి 90తో గుణించండి, నిల్వ రోజులొస్తాయి. అవి వరసగా రెండు క్వార్టర్లు పెరిగి, కేపెక్స్ (ఫ్యాక్టరీలు, యంత్రాల మీద పెట్టే ఖర్చు) కూడా పెంచుతుంటే కొత్తగా కొనొద్దు. స్పాట్ ధర (అప్పటికప్పుడు కొనే ధర) కాంట్రాక్టు ధర (ముందే కుదుర్చుకున్న ధర) కిందికి జారితే ఇంకా జాగ్రత్త.

కొండాపూర్_వేఫర్
అన్నా, 2018లో హెచ్‌బీఎం (ఏఐ చిప్‌లకు వాడే వేగమైన మెమరీ) ఇంత ఎక్కడుంది? అంతే బిట్లకు అది డీడీఆర్5 (మామూలు కంప్యూటర్ మెమరీ) కంటే దాదాపు 3 రెట్లు వేఫర్లు (చిప్‌లు తయారుచేసే సిలికాన్ పలకలు) తింటుంది. మామూలు డీర్యామ్‌కూ (డీడీఆర్5, హెచ్‌బీఎం రెండూ ఈ రకమే) కటకట అందుకే. హెచ్‌బీఎం బాగా అమ్మే హైనిక్స్‌కి ఎక్కువ పీఈ ఇచ్చినా తప్పులేదు. ఇక శాన్‌డిస్క్‌ని ఈ గాటన కట్టొద్దు. 2025 ఫిబ్రవరిలో వెస్టర్న్ డిజిటల్ నుంచి విడిపోయిన ఆ కంపెనీది అంతా నాండ్ (కరెంటు లేకున్నా డేటా నిలిచే స్టోరేజీ మెమరీ) వ్యాపారమే, డీర్యామ్ లేదు.

సైనిక్‌పురి_సైకిల్
శాన్‌డిస్క్ సంగతి ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ ఆ 3 రెట్ల లెక్కే భయపెట్టేది. హెచ్‌బీఎం ఆర్డర్లు తగ్గి ఆ వేఫర్లు డీడీఆర్5కి మళ్లితే, ఒక్కో వేఫరు మీద 3 రెట్ల బిట్లు బయటికొస్తాయి. కొత్త ఫ్యాబ్ కట్టకుండానే సరఫరా పొంగుతుంది. హైనిక్స్‌కైనా బుక్ వాల్యూకి (అప్పులు పోగా మిగిలే ఆస్తుల విలువకి) ఎన్ని రెట్లు ఇస్తున్నామో చూసుకోవాల్సిందే.

అమీర్‌పేట_ఆడిటర్
ఏది కొన్నా పన్ను మర్చిపోకండి. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే, పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పడుతుంది, రిటర్నులో సర్దుబాటవుతుంది. 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం, అంతకుముందే అమ్మితే మీ శ్లాబు. చాలామంది తప్పేది రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ దగ్గర: అందులో వివరాలు జనవరి నుంచి డిసెంబరు లెక్కన ఇవ్వాలి, ఏప్రిల్–మార్చి లెక్కన కాదు. హైనిక్స్ కొరియా షేరు, మీ యాప్‌లో అమెరికా మార్కెట్ ఒక్కటే ఉంటే కొరియా ఈటీఎఫ్ (షేరులా కొనుక్కునే ఫండ్) ఈడబ్ల్యూవై చూడండి, కాకపోతే అందులో శాంసంగ్ వాటా కూడా పెద్దదే.