ఆయిల్ మార్పించాక లెవెల్ చూసే పుల్ల (డిప్‌స్టిక్)లో పై గీత దాటేసింది, పొగ వస్తోంది. ఇలాగే నడపొచ్చా?

మధురవాడ_పెట్రోల్

1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. నిన్న బయటి షెడ్డులో ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. బండి మాన్యువల్లో ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్లు, ఫిల్టర్ మార్చకపోతే 2.9 అని ఉంది. మెకానిక్ 3.5 లీటర్ల డబ్బా మొత్తం పోసేశాడు. "అడుగున మిగుల్చుకుని ఏం చేస్తారండీ" అన్నాడు.

ఈ ఉదయం స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలం కలిసిన తెల్ల పొగ, కాలిన ఆయిల్ వాసన, ఐడిల్లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తుంటే) కొంచెం వణుకు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీతకి వేలెడు పైన ఉంది. డ్యాష్‌బోర్డులో లైట్లేవీ వెలగలేదు. ఆదివారం అరకు ప్రయాణం ఉంది. ఎక్కువైంది దానంతటదే కాలిపోతుంది, వెళ్లిపోండి అంటున్నాడు మెకానిక్. వెళ్లొచ్చా?

గాజువాక_స్పానర్

ఆ లెవెల్‌తో అరకు దారిలోని అనంతగిరి ఘాట్ ఎక్కించకండి. ఊళ్లో కూడా నడపకండి, ఉన్నచోటే ఉంచండి.

కాలిపోతుందన్నది నిజమే. కాలేది ఎక్కడన్నదే గొడవ. ఆయిల్ సంపులో (ఇంజిన్ అడుగు తొట్టిలో) మరీ పైకి ఉంటే క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బరువులు తిరిగేటప్పుడు అందులో మునిగి చిలుకుతాయి. గాలి కలిసి నురగ అవుతుంది. పంపు ఆ నురగనే బేరింగులకి పంపుతుంది. నురగకి ఆయిల్‌లా పొర నిలవదు, ప్రెజర్ పడిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిలంతా ఒక పక్కకి జారుతుంది, ఆర్‌పీఎం కూడా ఎక్కువ కాబట్టి ఘాట్‌లో ఇది ఇంకా ముదురుతుంది. ఇంకో పక్క, క్రాంక్ కేసులో (ఆ ఇరుసు తిరిగే గదిలో) లేచిన ఆయిల్ ఆవిరిని పీసీవీ గొట్టం (ఆ గదిలోని ఆవిర్లని తీసేసే గొట్టం) ఇంజిన్ గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి లాగేస్తుంది. మీకు కనబడుతున్న పొగ అదే అయ్యుండొచ్చు. ఆ మసి ముందు స్పార్క్ ప్లగ్గుల మీద, తర్వాత ఆక్సిజన్ సెన్సర్ మీద, ఆఖర్న పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో చేరుతుంది. కన్వర్టర్ ఖరీదు ముందు ఆయిల్ డబ్బా ఖరీదు ఒక లెక్కలోది కాదు.

సంపు అడుగున ఉండే డ్రైన్ ప్లగ్ కొంచెం వదులు చేసి ఎక్కువైంది వదిలేయండి, అరగంట పని.

ఉక్కు_క్వార్టర్స్

ప్లగ్ వదులు చేయమన్న సలహాతో నేను ఏకీభవించను. ఆఖరి మర ఊడగానే ఆయిల్ ధారగా చేతి మీదకి వస్తుంది, అరలీటరు దగ్గర ఆపుదామంటే కుదరదు. విప్పిన ప్రతిసారీ ప్లగ్ వాషర్ కొత్తది వేయాలి, అది చేతిలో ఉందా? అల్యూమినియం సంపు అయితే మర చెడితే ఇంకో ఖర్చు. మొత్తం ఆయిల్ దించేటప్పుడే ప్లగ్ జోలికి వెళ్లాలి.

అసలు ముందు కొలత సరిగ్గా తీయండి. మధురవాడలో కొండ వైపు వీధులు వాలుగా ఉంటాయి, ఇంటి ముందు తీసిన రీడింగ్ నమ్మకండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, పెట్రోల్ బంకులో గాలి కొట్టే చోటో చదునుగా ఉంటుంది. దూరం ఉంటే నడపకుండా తోసుకెళ్లండి. రాత్రంతా ఆగిన బండి అయితే అలాగే చూడండి. ఇప్పుడే ఆపినదైతే 10 నిమిషాలు ఆగండి. స్టిక్ తీసి తుడిచి, పూర్తిగా దించి, మళ్లీ తీసి రెండు వైపులా చూడండి. తక్కువ చూపించిన వైపే లెక్క. రెండో వైపు గొట్టం గోడకంటిన తడి.

ఇప్పుడు స్కేలు పెట్టి రెండు కొలతలు రాయండి: కింది గీత నుంచి పై గీతకి ఎన్ని మిల్లీమీటర్లు, పై గీత మీద ఎన్ని. చిన్న పెట్రోల్ ఇంజిన్లలో ఆ రెండు గీతల మధ్య సుమారు లీటరు పడుతుంది. దాన్నిబట్టి మిల్లీమీటరుకి ఎంతో వస్తుంది.

ఒక్క లెక్క కలవట్లేదు. 3.5లో 3.1 పోతే 400 మిల్లీలీటర్లే ఎక్కువ కావాలి. వేలెడు పైకి ఉందంటే అంతకన్నా ఎక్కువే ఉంది. ఆయిల్ రంగు ఏంటి? ఫిల్టర్ కొత్తదేనా, కళ్లతో చూశారా?

మధురవాడ_పెట్రోల్

సెల్లార్‌లో చూశాను. గీతల మధ్య 18 మి.మీ., పై గీత మీద 14 మి.మీ. రంగు తేనె రంగు కాదు, ముదురు గోధుమ. నల్లగా అయితే లేదు. ఫిల్టర్ మీద దుమ్ము పేరుకుని ఉంది, అంచుల్లో తుప్పు. కొత్తది కాదనిపిస్తోంది.

ఉక్కు_క్వార్టర్స్

లెక్క కుదిరింది. 18 మిల్లీమీటర్లకి లీటరంటే మిల్లీమీటరుకి 55 మిల్లీలీటర్లు, 14కి సుమారు 770. ఫిల్టర్ మార్చలేదు కాబట్టి పట్టేది 2.9, అక్కడే 600 ఎక్కువైంది. మిగతా 170 చల్లని ఇంజిన్‌లో సరిగా దించకుండా మిగిలిన పాత ఆయిల్. రంగు కూడా అదే చెబుతోంది. పై గీత దాటాక సంపు ఆకారం మారుతుంది కాబట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

తీసే పద్ధతి చూడండి. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎదురుగా ఉన్న మందుల షాపుల్లో 14 నంబరు రైల్స్ ట్యూబు (రోగి ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం), 50 మిల్లీలీటర్ల సిరంజి దొరుకుతాయి. ట్యూబు మీటరు పైనే ఉంటుంది, బయటి వ్యాసం 4.7 మి.మీ. చాలా డిప్‌స్టిక్ గొట్టాల్లో దిగుతుంది. దాని కొస మూసి ఉంటుంది, లోపల చిన్న స్టీలు గుండ్లు ఉంటాయి, పక్కన కన్నాలుంటాయి. ఆ కొసని, కన్నాలతో సహా, బండికి దూరంగా కత్తిరించి పారేయండి. గుండు ఒక్కటి ఇంజిన్‌లో పడినా తలనొప్పే. కన్నాలు వదిలేస్తే లెవెల్ తగ్గాక గాలి పీలుస్తుంది. కొస ఏటవాలుగా కోస్తే సంపు అడుగుకి అతుక్కోదు.

ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు. మరిగే ఆయిల్‌లో ఆ ప్లాస్టిక్ మెత్తబడి నలిగిపోతుంది. చల్లగా ఉంటే సిరంజి లాగడానికి బలం కావాలి. అందుకని నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపితే సరిపోతుంది, రేస్ చేయొద్దు. 11 సిరంజీలు లాగండి, 550 అవుతుంది. కొలిచే డబ్బాలో పోస్తూ ఉంటే లెక్క తప్పదు.

మిగతా 220 ఫిల్టర్ మార్పులో దాదాపు పోతుంది. పాత ఫిల్టర్‌తో దాని నిండా ఉన్న ఆయిల్ బయటికి పోతుంది, కొత్తది సంపులోంచి నింపుకుంటుంది. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. రింగు మీద రింగు పడితే ఆయిలంతా రోడ్డు మీదే. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, ఆనాక ముప్పావు చుట్టు. స్టార్ట్ చేసి నిమిషం ఆగి, ఆపి, 10 నిమిషాలకి చూడండి. పై గీతకి రెండు మూడు మిల్లీమీటర్లు కింద ఆగితే బాగుంటుంది, గీత మీదే ఉండాలన్న పట్టింపు అక్కర్లేదు.

పెందుర్తి_డీజిల్

ఇది చదివే డీజిల్ వాళ్లకి ఒక మాట. ఎవరూ పోయకుండానే లెవెల్ పెరుగుతుంటే అది వేరే రోగం. బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రపడటానికి అదనంగా చిమ్మే డీజిల్ కొంత ఆయిల్‌లో కలుస్తుంది. ఎప్పుడూ జగదాంబ, డాబాగార్డెన్స్ ట్రాఫిక్‌లో చిన్న దూరాలు తిరిగే బండికి ఆ శుభ్రత మధ్యలోనే ఆగిపోయి ఈ కలయిక ఎక్కువవుతుంది. అక్కడ సిరంజితో తీసి లాభం లేదు, ఆయిల్ పల్చబడిపోయింది, మొత్తం మార్చాల్సిందే. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే కూలెంట్ (ఇంజిన్ చల్లబరిచే ద్రవం) కలిసి ఉండొచ్చు, అసలు స్టార్టే చేయకూడదు.

ఇంకోటి, డీజిల్ ఇంజిన్ ఇన్‌టేక్‌లోకి ఆయిల్ ఎక్కువగా వెళ్తే దాన్నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తొచ్చు. పెట్రోల్‌కి ఆ భయం లేదు.

గాజువాక_స్పానర్

సిరంజి పద్ధతి ఒప్పుకుంటున్నా, ఈ లెక్కకి అదే నయం. రంగు పూర్తి నలుపై ఉంటే ఇంకో అనుమానం చెప్పేవాణ్ణి: ఇంజిన్ ప్లగ్ బదులు గేర్‌బాక్స్ ప్లగ్ విప్పేసి, పాత ఆయిల్ మీదే కొత్తది పోయడం. అలా అయితే లెవెల్ గీతకి చాలా పైన ఉంటుంది, గేరు డబ్బా ఖాళీ. ఇక్కడ అది కాదు.

మధురవాడ_పెట్రోల్

శనివారం పొద్దున చేస్తాను. చేశాక ఇంకేం చూడాలి? తీసిన ఆయిల్ దాచుకోవచ్చా?

ఉక్కు_క్వార్టర్స్

పాతది కలిసింది కాబట్టి దాచొద్దు. గెడ్డలో (వాగులో) పోయకండి, సముద్రంలోకే పోతుంది. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కింద లెక్క, సర్వీస్ సెంటర్‌లో సేకరించే పీపా ఉంటుంది, అక్కడివ్వండి.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవండి. ఫిల్టర్ ఆయిల్‌తో తడిస్తే మార్చాలి, దులిపితే పోదు. పీసీవీ వాల్వు విడిగా ఊడేదైతే ఊపి చూడండి, లోపల గలగలలాడాలి. గొట్టంలో ఆయిల్ మడుగు కట్టి ఉంటే గుడ్డతో తుడిచేయండి. వణుకు తగ్గకపోతే స్పార్క్ ప్లగ్గులు తీయండి. తడి నలుపుంటే శుభ్రం చేసి గ్యాప్ చూసి బిగించండి, పింగాణీ పగిలితే కొత్తవి.

తర్వాత భీమిలి దాకా మెల్లగా వెళ్లి రండి, బీచ్ రోడ్డు చాలావరకు చదునే. సైలెన్సర్‌లో మిగిలిన ఆయిల్ కాలేవరకు కాసేపు పొగ ఉంటుంది, కంగారు పడొద్దు. వచ్చాక బండి కింద అట్ట పరిచి రాత్రంతా ఉంచండి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట చుక్కలు పడితే క్రాంక్ వెనక సీలు కారుతోందని అర్థం, దానికి గేర్‌బాక్స్ దించాలి. అట్ట పొడిగా ఉండి, పొగ ఆగి, లెవెల్ నిలబడితే ఆదివారం అరకు వెళ్లండి. ఈ మూడింట్లో ఒకటి తేడా వచ్చినా రైలు టికెట్ చూసుకోండి.

షెడ్డాయన దగ్గర ఫిల్టర్‌కి బిల్లు తీసుకున్నారా? తీసుకుంటే పాత ఫిల్టర్ ఫొటో తీశాకే విప్పండి.